అణువుల ఆకారాలు, బంధకోణాలు: గోడ మీది చార్టు తీసేసి మొదలుపెడదాం

హిందూపురంలో పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి, నాన్నగారి ఉద్యోగం వల్ల బెంగళూరు వచ్చి, ఇప్పుడు ఫస్ట్ పీయూసీ, అంటే కర్ణాటకలో ఇంటర్ మొదటి సంవత్సరం, చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "నలభై అణువుల పేర్లు, ఆకారాలు, కోణాలు చార్టు మీద రాసి మంచం పక్కన గోడకి అంటించుకున్నాను. రోజూ చదువుతున్నాను. టెస్టులో మాత్రం అన్నీ కలిసిపోతున్నాయి. క్లోరిన్ ట్రైఫ్లోరైడ్‌ని ట్రైగోనల్ ప్లేనార్ (సమతల త్రిభుజాకారం) అని రాశాను. నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ కోణం అమ్మోనియా కంటే ఎక్కువ అని రాశాను. రెండూ తప్పే. సీఈటీకి (కర్ణాటక ఎంట్రన్స్ పరీక్ష), నీట్‌కి ఇవన్నీ ఎలా గుర్తుపెట్టుకోవాలి మేడమ్?"

అమ్మా, నేను బెంగళూరులో 22 ఏళ్లుగా పీయూసీ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. మాది మదనపల్లె. సరిహద్దు దాటి వచ్చి, తెలుగులో నేర్చుకున్న మాటల్ని ఇంగ్లీషు మాటలతో జత కలుపుకుంటూ ఈ పాఠం చదివే పిల్లల్ని ప్రతి ఏడూ చూస్తాను. నువ్వు చేసిన రెండు తప్పులూ ఆ పిల్లలందరూ చేసేవే. ఆ రెండింటి చుట్టూనే ఈ పాఠం మొత్తం ఉంది కాబట్టి వాటినే పట్టుకుని చెబుతాను.

ముందు ఆ చార్టు గోడ మీంచి తీసెయ్. ఎంత ఓపికగా రాసుకుని ఉంటావో నాకు తెలుసు. కానీ అందులో ఒక చిక్కుంది. నలభై వరసలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు విడివిడిగా ఉన్నాయి. బోరాన్ ట్రైఫ్లోరైడ్, అమ్మోనియా, క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ మూడింటిలోనూ మధ్యలో ఒక పరమాణువు, చుట్టూ మూడు. చార్టు చదివే కంటికి మూడూ ఒకే పోలిక. అందుకే పరీక్ష హాల్లో ఒకదాని సమాధానం ఇంకోదానికి అతుక్కుంటోంది. అసలు తేడా ఎక్కడుందో ఆ చార్టులో లేనే లేదు. బంధంలో పాల్గొనకుండా మధ్య పరమాణువు దగ్గరే ఉండిపోయే ఎలక్ట్రాన్ జంటలు, అంటే ఒంటరి జంటలు, బోరాన్‌కి ఒక్కటీ లేవు. నైట్రోజన్‌కి ఒకటి, క్లోరిన్‌కి రెండు. మీ కాలేజీలో లోన్ పెయిర్ అనేది వీటినే.

కాబట్టి ఆకారాన్ని ప్రతిసారీ లెక్కపెట్టి బయటికి తీయాలి. గుర్తుంచుకోవాల్సిన అంకెలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. మధ్య పరమాణువు చుట్టూ బంధాలవీ ఒంటరివీ కలిపి మొత్తం రెండు ఎలక్ట్రాన్ జంటలుంటే 180 డిగ్రీలు, మూడుంటే 120, నాలుగుంటే 109.5, ఐదుంటే 120తో పాటు 90, ఆరుంటే 90. ఏడు జంటలకి అయోడిన్ హెప్టాఫ్లోరైడ్ ఒక్కటే నీ సిలబస్‌లో తరచుగా కనపడుతుంది. దానికి 72, 90. మిగతావన్నీ వీటి నుంచి కాస్త అటూ ఇటూ జరిగినవే. ఎటు జరిగాయో, ఎందుకు జరిగాయో చెప్పగలిగితే చాలు.

లెక్క ఇలా. మధ్య పరమాణువుకి బయటి కర్పరంలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో రాయి. చుట్టూ ఉన్న హైడ్రోజన్, ఫ్లోరిన్, క్లోరిన్ లాంటి ఏకసంయోజక (ఒక్క బంధమే ఏర్పరిచే) పరమాణువులు ఎన్నో దానికి కలుపు. ఆక్సిజన్ ఉంటే దానికి సున్నా. రుణావేశం ఉంటే అంత కలుపు, ధనావేశం ఉంటే అంత తీసెయ్. వచ్చినదాన్ని రెండుతో భాగిస్తే మొత్తం జంటలు. అందులోంచి చుట్టూ ఉన్న పరమాణువుల సంఖ్య తీసేస్తే మిగిలేవి ఒంటరి జంటలు.

క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ చూద్దాం. క్లోరిన్‌కి 7, ఫ్లోరిన్లు 3, మొత్తం 10, సగం 5. ఐదు జంటల్లో మూడు బంధాలకి పోతే రెండు ఒంటరివి. అమ్మోనియం అయాన్: 5, 4 కలిపి 9, ధనావేశానికి ఒకటి తీస్తే 8, సగం 4, ఒంటరి జంట లేదు. సల్ఫర్ డయాక్సైడ్: సల్ఫర్‌కి 6, ఆక్సిజన్లకి సున్నా, సగం 3. రెండు ఆక్సిజన్లకి పోను ఒకటి మిగిలింది. కార్బన్ డయాక్సైడ్: 4, సగం 2, ఏమీ మిగల్లేదు. ఒకదానికి డయాక్సైడ్ అన్న పేరే, ఇంకోదానికీ అదే పేరు. కానీ ఒకటి వంగింది, ఒకటి నిటారుగా ఉంది. ఎందుకో నీకిప్పుడు కనపడుతోంది కదా. ఈ లెక్క హైడ్రోజన్ సయనైడ్ లాంటి వాటికి నేరుగా పనిచేయదు. అక్కడ లూయీ నిర్మాణం (ఎలక్ట్రాన్లని చుక్కలుగా చూపే బొమ్మ) గీసుకుని, ద్విబంధమైనా త్రిబంధమైనా ఒకే దిక్కుగా లెక్కపెట్టుకోవాలి.

ఇప్పుడు ఆ జంటలు ఏ దిక్కుల్లో నిలబడతాయన్నది. పుస్తకంలోని బొమ్మ చూసి ఇది ఎవరికీ మనసుకి పట్టదు. బొమ్మ చదునుగా ఉంటుంది, అణువు అలా ఉండదు. ప్రతి సంవత్సరం ఈ పాఠం మొదలుపెట్టే రోజు గాంధీ బజార్‌లో ఒక బెలూన్ల ప్యాకెట్ కొనుక్కుని వెళతాను. ఇంట్లో నువ్వూ చెయ్యి, పావుగంట పని. రెండు బెలూన్లు ఒకే సైజులో ఊది మూతులు కలిపి ముడెయ్. అవి చెరో వైపు తిరిగి ఒకే గీతలో నిలబడతాయి. అదే 180. ఇంకొకటి కడితే మూడూ బల్ల మీద పరిచినట్టు 120 డిగ్రీల్లో సర్దుకుంటాయి. ఇంతవరకూ పిల్లలు అనుకున్నట్టే జరుగుతుంది. నాలుగోది కట్టే ముందు "ఇప్పుడెలా ఉంటుంది?" అని అడుగుతాను. దాదాపు అందరూ ప్లస్ గుర్తులా, 90 డిగ్రీల్లో అంటారు. నాలుగోది కట్టి, ప్లస్ గుర్తులా ఉండేట్టు చేత్తో బల్లకేసి నొక్కి పట్టుకుని, వదిలేస్తాను. కీచుమని చప్పుడు చేస్తూ ఒక బెలూన్ పైకి లేస్తుంది, మిగతా మూడూ ముక్కాలి పీట కాళ్లలా కిందికి సర్దుకుంటాయి. ఎన్నిసార్లు నొక్కి వదిలినా అంతే. చదునుగా ఉంటే ఒక్కోదానికీ పక్కవాటితో 90 డిగ్రీల ఎడమే దొరుకుతుంది. గాల్లోకి లేస్తే 109.5 దొరుకుతుంది. ఎలక్ట్రాన్ జంటలు కూడా ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి వాటికి కావాల్సిందీ ఆ ఎడమే. టెట్రాహెడ్రల్ అంటే ఏమిటో ఆ కీచు చప్పుడుతోనే చాలామందికి తలకెక్కుతుంది.

109.5 ఎక్కడి నుంచి వచ్చిందని నన్ను అడిగే పిల్ల ఏడాదికి ఒకరో ఇద్దరో ఉంటారు. నువ్వూ తెలుసుకో, ఇక ఆ అంకె జన్మలో మర్చిపోవు. ఒక ఘనం గీయి. కార్బన్‌ని దాని నడిబొడ్డున పెట్టు. ఎనిమిది మూలల్లో ఒకటి విడిచి ఒకటిగా నాలుగు మూలల్లో హైడ్రోజన్లు పెట్టు. మధ్య బిందువుని మూలబిందువుగా (0, 0, 0) తీసుకుంటే ఒక హైడ్రోజన్ (1, 1, 1) దగ్గర, ఇంకొకటి (1, -1, -1) దగ్గర ఉంటాయి. ఆ రెండు సదిశల బిందు లబ్ధం 1 - 1 - 1, అంటే -1. ఒక్కోదాని పొడవు వర్గం 3. కాబట్టి కోణం కొసైన్ -1/3. కాలిక్యులేటర్‌లో వేస్తే 109.47 వస్తుంది. మ్యాథ్స్‌లో వెక్టర్లు ఇంకా రాకపోతే వచ్చాక ఈ పేరాకి తిరిగి రా.

ఇక ఒంటరి జంట. అది బంధ జంట కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఇంట్లో తడి దుప్పటి పిండటం చూశావు కదా. ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగితే దుప్పటి సన్నగా బిగుసుకుంటుంది. ఒక్కరే ఒక కొస పట్టుకుంటే వెడల్పుగా పరుచుకుని వేలాడుతుంది. బంధ జంటని రెండు కేంద్రకాలు చెరో వైపు నుంచి పట్టుకుంటాయి. ఒంటరి జంటని పట్టుకునేది ఒకటే కేంద్రకం. అందుకే అది విస్తరిస్తుంది, పక్క బంధాల్ని దగ్గరికి తోస్తుంది. మీథేన్‌కి ఒంటరి జంట లేదు, 109.5. అమ్మోనియాకి ఒకటి, 107. నీటికి రెండు, 104.5. బెలూన్లలో ఒకదాన్ని మిగతావాటి కంటే పెద్దగా ఊదు. మిగతా మూడూ గొడుగు ముడుచుకున్నట్టు కొంచెం దగ్గరవుతాయి. అదే అమ్మోనియా.

ఇక్కడే ప్రశ్నపత్రం రాసేవాళ్లు ఒక ఉచ్చు పెడతారు. ఎలక్ట్రాన్ జంటల అమరిక (జామెట్రీ) వేరు, అణువు ఆకారం (షేప్) వేరు. నీటిలో నాలుగు జంటల అమరిక టెట్రాహెడ్రలే. ఆకారం చెప్పేటప్పుడు మాత్రం పరమాణువులున్న చోట్లనే చూస్తాం కాబట్టి అది వంగిన ఆకారం, బెంట్. ప్రశ్నలో జామెట్రీ అన్నారా, షేప్ అన్నారా అని పెన్నుతో గీత గీసుకుని మరీ చదువు.

ఇప్పుడు నీ మొదటి తప్పు దగ్గరికి వద్దాం. దీనికి కాస్త ఎక్కువసేపు కావాలి.

ఐదు జంటల విషయంలోనే ఈ పాఠం చాలామందికి చెయ్యి జారుతుంది. కారణం ఒక్కటే. రెండు, మూడు, నాలుగు, ఆరు జంటల్లో అన్ని చోట్లూ సమానం. ఎవరు ఎక్కడ కూర్చున్నా ఒకటే. ఐదు జంటల్లో అలా కాదు, చోట్లు రెండు రకాలు. ఒక నిమ్మకాయ, ఐదు చీపురు పుల్లలు తీసుకో. నిమ్మకాయ నడుం చుట్టూ 120 డిగ్రీల ఎడంతో మూడు పుల్లలు గుచ్చు. పైన తొడిమ దగ్గర ఒకటి, కింద ఒకటి గుచ్చు. నడుం చుట్టూ ఉన్నవి ఈక్వటోరియల్ చోట్లు. పైదీ కిందదీ యాక్సియల్ చోట్లు. ఇప్పుడు వేలితో తడుముతూ చూడు. పైన ఉన్న పుల్లకి 90 డిగ్రీల దగ్గరలో ముగ్గురు పొరుగువాళ్లున్నారు. నడుం దగ్గర పుల్లకి 90 డిగ్రీల్లో ఉన్నది ఇద్దరే. మిగతా ఇద్దరూ 120 డిగ్రీల దూరంలో హాయిగా ఉన్నారు. అంటే నడుం దగ్గర చోటు ఎక్కువ. విస్తరించి కూర్చునే ఒంటరి జంటకి ఆ చోటే కావాలి.

నువ్వు రాసిన ట్రైగోనల్ ప్లేనార్ నిజం కావాలంటే ఏం జరగాలో చూడు. రెండు ఒంటరి జంటలూ పైనా కిందా కూర్చోవాలి, ఫ్లోరిన్లు మూడూ నడుం చుట్టూ ఉండాలి. అప్పుడు ఒంటరి జంటకీ బంధ జంటకీ మధ్య 90 డిగ్రీల ఒరిపిడి ఆరు చోట్ల. ఒకటి పైన, ఒకటి నడుం దగ్గర పెడితే ఆ ఒరిపిడి మూడు చోట్లే. కానీ రెండు ఒంటరి జంటలు ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఎదురుపడతాయి. అన్నిటికంటే ఎక్కువ వికర్షణ అదే, కాబట్టి అది కుదరదు. రెండింటినీ నడుం దగ్గరే పెడితే ఒంటరి జంటలు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి, బంధ జంటలతో ఒరిపిడి నాలుగు చోట్లే. ఇదే అన్నిటికంటే తక్కువ కష్టం. ఇప్పుడు నిమ్మకాయ నడుం దగ్గర రెండు పుల్లలు పీకెయ్. పైన ఒకటి, కింద ఒకటి, పక్కకి ఒకటి మిగిలాయి. పక్కకి తిప్పి చూస్తే ఇంగ్లీషు అక్షరం టీ. ఒంటరి జంటలు రెండూ తోసేసరికి పై పుల్లకీ పక్క పుల్లకీ మధ్య కోణం 90 కూడా కాకుండా 87.5కి దిగింది.

అదే నిమ్మకాయతో ఈ కుటుంబం మొత్తం చూసెయ్యొచ్చు. ఐదు పుల్లలూ ఉంటే ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్. పైనా కిందా ఉన్న క్లోరిన్లకి ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆ బంధాలే పొడవు, అవే ముందు తెగుతాయి. నడుం దగ్గర ఒకటి పీకితే సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్, పార్కులో పిల్లలు ఎక్కే సీ-సా ఆకారం. నడుం దగ్గరి కోణం 120 ఉండాల్సింది దాదాపు 102కి, పైనా కిందా కోణం 180 ఉండాల్సింది దాదాపు 173కి తగ్గాయి. రెండు పీకితే టీ. మూడూ పీకితే పైనా కిందా మాత్రమే మిగులుతాయి. అది జెనాన్ డైఫ్లోరైడ్, తాటిముంజ కాయల బండిలా ఒకే గీతలో. ఇక్కడ పిల్లలు ఒక మంచి ప్రశ్న అడుగుతారు. మూడు ఒంటరి జంటలుంటే ఇంకా ఎక్కువ వంగాలి కదా, కచ్చితంగా 180 ఎలా ఉంది? మూడూ నడుం చుట్టూ సమానంగా నిలబడి మూడు వైపుల నుంచీ ఒకేలా తోస్తున్నాయి. ఎటూ వంగే దారి లేదు. ట్రైఅయొడైడ్ అయాన్‌దీ ఇదే కథ.

ఆరు జంటలకి ఇంతసేపు అక్కర్లేదు. అన్ని చోట్లూ సమానం కాబట్టి మొదటి ఒంటరి జంట ఎక్కడైనా కూర్చుంటుంది. రెండోది దానికి సరిగ్గా ఎదురుగా పోతుంది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ఆక్టాహెడ్రల్. బ్రోమిన్ పెంటాఫ్లోరైడ్ చదరపు పిరమిడ్, కోణం 85 దగ్గర. జెనాన్ టెట్రాఫ్లోరైడ్ చదరపు సమతలం, కచ్చితంగా 90.

జెనాన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఎలక్ట్రాన్ జంటల్ని లెక్కపెట్టి ఆకారం చెప్పొచ్చని సిడ్జ్‌విక్, పావెల్ అనే శాస్త్రవేత్తలు 1940లో అన్నారు. దాన్ని ఇప్పుడు మనం చదువుతున్న రూపానికి తెచ్చింది లండన్‌లో గిలెస్పీ, నైహోమ్, 1957లో. అప్పటికి జెనాన్ ఏ మూలకంతోనూ కలవదనే దాదాపు అందరూ నమ్మేవారు. 1962లో నీల్ బార్ట్‌లెట్ మొదటి జెనాన్ సమ్మేళనం చేశాడు. అదే ఏడాది జెనాన్ టెట్రాఫ్లోరైడ్ కూడా తయారైంది. కొలిచి చూస్తే చదరపు సమతలం. ఏ చార్టులోనూ లేని అణువుకి ఐదేళ్ల ముందు రాసిన లెక్క సరిపోయింది. పరీక్షలో నువ్వు ఎన్నడూ చూడని అణువు ఇచ్చినా ఇదే లెక్క నిన్ను ఆదుకుంటుంది. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

ఇక నీ రెండో తప్పు: నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్. ఫ్లోరిన్ హైడ్రోజన్ కంటే పెద్దది కాబట్టి కోణం ఎక్కువ ఉంటుందని నువ్వు ఊహించి ఉంటావు. ఊహ చెడ్డది కాదు, ఇంకో సంగతి చూడకపోవడం వల్ల తప్పింది. రెండింటిలోనూ నాలుగు జంటలు, ఒకటి ఒంటరిది. అప్పుడు తేడా చెప్పాల్సింది బంధ జంటలు ఎక్కడున్నాయన్నది. ఫ్లోరిన్ ఎలక్ట్రాన్లని తన వైపు గట్టిగా లాక్కుంటుంది. బంధ జంటలు నైట్రోజన్‌కి దూరంగా జరిగిపోతాయి. దూరంగా ఉన్నవి ఒకదాన్నొకటి తోసుకోవడం తగ్గుతుంది. ఒంటరి జంట మాత్రం నైట్రోజన్ దగ్గరే కూర్చుని ఉంది. దాని తోపుకి ఎదురు తోసేవాళ్లు లేక కోణం 102 దగ్గరికి పడిపోయింది. అమ్మోనియాలో నైట్రోజనే బలమైనది, బంధ జంటలు దాని దగ్గరికే వచ్చి ఉంటాయి, ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అందుకే 107. నీటి కంటే ఆక్సిజన్ డైఫ్లోరైడ్ కోణం తక్కువ ఉండటానికీ ఇదే కారణం. అది 103.

ఇప్పుడు మధ్య పరమాణువుని మార్చి చూడు. అమ్మోనియా 107, ఫాస్ఫీన్ 93.5, ఆర్సీన్ 92 దగ్గర. నీరు 104.5, హైడ్రోజన్ సల్ఫైడ్ 92. ఒక్కసారిగా ఎంత పడిందో చూశావా? నైట్రోజన్ నుంచి ఫాస్ఫరస్‌కి దిగేసరికి మధ్య పరమాణువు పెద్దదైంది, లాగే శక్తి తగ్గింది. బంధ జంటలు దూరమయ్యాయి, ఒకదాన్నొకటి తోసుకోవడం బాగా తగ్గింది. కోణం దాదాపు 90కి దిగిందంటే ఫాస్ఫరస్ తన బంధాలకి దాదాపుగా పీ ఆర్బిటాళ్లనే (ఎలక్ట్రాన్లు ఉండే ఒక రకం చోట్లు) వాడుతోందని కూడా అర్థం చేసుకోవచ్చు. పీ ఆర్బిటాళ్ల మధ్య కోణం 90 కదా. ఫాస్ఫీన్‌ని ఎస్‌పీ3 (ఒక ఎస్, మూడు పీ ఆర్బిటాళ్ల కలయిక) అని కళ్లు మూసుకుని రాయొద్దని నేను క్లాసులో పదేపదే చెప్పేది ఇందుకే.

ఒక మెలిక కూడా చెప్పి ముందుకు పోతాను. నైట్రోజన్ విషయంలో చెప్పింది ఫాస్ఫరస్‌కి వర్తింపజేస్తే ఫాస్ఫరస్ ట్రైఫ్లోరైడ్ కోణం ఫాస్ఫీన్ కంటే తక్కువ ఉండాలి. నిజానికి ఎక్కువ, 98 దగ్గర. ఫ్లోరిన్ మీది ఒంటరి జంటలు కొంత ఫాస్ఫరస్ వైపు పంచుకోబడి ఆ బంధానికి ద్విబంధ లక్షణం కొంచెం వస్తుందని, అందుకే బంధాలు ఎడం జరుగుతాయని పుస్తకాల్లో వివరిస్తారు. నైట్రోజన్‌కి అలా తీసుకునే ఖాళీ లేదు. నీట్‌కి ఇది గుర్తుంటే మంచిది.

ద్విబంధం ప్రస్తావన వచ్చింది కాబట్టి: ద్విబంధంలో ఎలక్ట్రాన్లు ఎక్కువ, అది లావుగా ఉంటుంది, పక్కవాటిని తోస్తుంది. ఇథిలీన్‌లో హైడ్రోజన్-కార్బన్-హైడ్రోజన్ కోణం 120 కాకుండా 117 దగ్గర ఉన్నది అందుకే. ఫాస్జీన్‌లో రెండు క్లోరిన్ల మధ్య కోణం 112 దగ్గర.

నాకు చాలా ఇష్టమైన ముగ్గురు తోబుట్టువులున్నారు, వాళ్లని తప్పకుండా గీయి. నైట్రోనియం అయాన్, నైట్రోజన్ డయాక్సైడ్, నైట్రైట్ అయాన్. మూడింటిలోనూ నైట్రోజన్ ఒకటి, ఆక్సిజన్లు రెండు. తేడా అల్లా నైట్రోజన్ మీద మిగిలిన ఎలక్ట్రాన్లే. నైట్రోనియంలో ఏమీ లేదు, 180. డయాక్సైడ్‌లో ఒకే ఒక ఎలక్ట్రాన్, 134. ఒకే ఎలక్ట్రాన్, పూర్తి జంట తోసినంత గట్టిగా తోయలేదు, అందుకే కోణం 120 కంటే పైనే ఉంది. నైట్రైట్‌లో పూర్తి జంట, 115. ఒక్కో ఎలక్ట్రాన్ చేరుతుంటే ఆక్సిజన్లు ఎలా దగ్గరవుతున్నాయో ఈ మూడు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుంటే నీ కళ్లతో నువ్వే చూస్తావు.

ఈ పాఠం సరిగ్గా వస్తే ద్విధ్రువ భ్రామకం, అదే డైపోల్ మూమెంట్, అంటే అణువులో ఆవేశం ఒక వైపుకి ఎంత ఒరిగిందో చెప్పే కొలత, ఊరికే వస్తుంది. కార్బన్ డయాక్సైడ్, బోరాన్ ట్రైఫ్లోరైడ్, మీథేన్, జెనాన్ టెట్రాఫ్లోరైడ్‌కి సున్నా, ఎందుకంటే లాగుళ్లు అన్ని వైపులా సరిపోయాయి. సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్‌కి సున్నా కాదు. అమ్మోనియాకి 1.47 డిబై (ఆ కొలతకి ప్రమాణం), నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌కి 0.23 మాత్రమే. అమ్మోనియాలో బంధాల లాగుడూ ఒంటరి జంట దిక్కూ ఒకటే, కలిసి వస్తాయి. ఫ్లోరిన్లు ఉన్నచోట ఎదురెదురు, కొట్టేసుకుంటాయి.

హైబ్రిడైజేషన్, అంటే ఆర్బిటాళ్లు కలిసి కొత్తవి ఏర్పడటం, గురించి నువ్వు అడగలేదు కానీ అడుగుతావు. పైన చెప్పిన ఫాస్ఫీన్ లాంటివి తప్ప, మొత్తం జంటల సంఖ్య తెలిస్తే అది వచ్చేసినట్టే: రెండుకి ఎస్‌పీ, మూడుకి ఎస్‌పీ2, నాలుగుకి ఎస్‌పీ3, ఐదుకి ఎస్‌పీ3డీ, ఆరుకి ఎస్‌పీ3డీ2.

తెలుగు మీడియం నుంచి వచ్చినదానివి కాబట్టి మాటల గురించి ఒకటి. మన పదాలు నీకు బలం, వదులుకోవద్దు. సమతలం అంటే ఏమిటో నీకు తెలుసు, ప్లేనార్ అదే. రేఖీయం అన్నా లీనియర్ అన్నా ఒకటే. చతుర్ముఖి అంటే నాలుగు ముఖాలది, టెట్రాహెడ్రల్. అష్టముఖికి ఎనిమిది ముఖాలు, కానీ మూలలు ఆరే. అందుకే ఆరు జంటలకి ఆక్టా అన్న పేరు. ఈ ఒక్క విషయం ఇంగ్లీషు మీడియం పిల్లల్లో సగం మందికి తెలియదు. ఆక్టా అంటే ఎనిమిది కదా, బంధాలు ఆరేంటి అని తికమకపడతారు. ఐదు జంటల అమరిక పేరు ద్విపిరమిడ్, అంటే రెండు పిరమిడ్లు అడుగుకి అడుగు అతికించినది. కాలేజీలో ఇంగ్లీషు మాట విన్నప్పుడు దాన్ని మనసులో ఒకసారి తెలుగులో పలికి, బొమ్మ వచ్చాక ఇంగ్లీషులో రాయి.

రోజూ ఎలా చదవాలంటే: చార్టు వెనక్కి తిప్పి, ఆ తెల్ల వైపు వాడుకో. సాయంత్రం ఎనిమిది అణువుల పేర్లు మాత్రం రాసుకో. ఒక్కోదానికీ జంటల లెక్క, అమరిక, ఒంటరి జంటలు ఎక్కడ కూర్చున్నాయి, ఆకారం, కోణం ఆ ఐదు అంకెల్లో దేనికి దగ్గర, దానికంటే తక్కువా ఎక్కువా, ఎందుకు. చివరి "ఎందుకు" ఒక్క వాక్యంలో రాయాలి. మొదటి రెండు రోజులు ఒక్కోదానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. కంగారు పడకు. పది రోజులకి అరనిమిషంలో వస్తుంది. నీట్‌లో కెమిస్ట్రీకి 45 ప్రశ్నలు, తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. అక్కడ ఊహించే కంటే అరనిమిషం లెక్కపెట్టడం మేలు. సీఈటీలో 80 నిమిషాలకి 60 ప్రశ్నలు, తప్పుకి మార్కు కోత లేదు. అయినా లెక్క వేసే అలవాటు మార్చుకోవద్దు.

పరీక్షల్లో కచ్చితమైన కోణం అడగడం తక్కువ, ఏది ఎక్కువ ఏది తక్కువ అని వరస అడగడం ఎక్కువ. కాబట్టి పోల్చేటప్పుడు ఈ క్రమం పాటించు. ముందు మొత్తం జంటలు పోల్చు. అవి సమానమైతే ఒంటరి జంటలు పోల్చు. అవీ సమానమైతే మధ్య పరమాణువు ఏదో చూడు. అదీ ఒకటే అయితే అప్పుడు చుట్టూ ఉన్నవాటి లాగుడు చూడు. నువ్వు నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ విషయంలో నేరుగా చివరి మెట్టుకే వచ్చావు. అక్కడ లాగుడు చూడాల్సింది, సైజు చూశావు. ఆ ఒక్క అడుగే తప్పింది.

ఈ రాత్రి రెండే రెండు గీయి: అయోడిన్ డైక్లోరైడ్ ధన అయాన్, అయోడిన్ డైక్లోరైడ్ రుణ అయాన్. పేర్లలో తేడా ఆవేశం ఒక్కటే. ఒకటి వంగి ఉంటుంది, ఒకటి నిటారుగా. ఏది ఏదో నేను చెప్పను. నిమ్మకాయ, పుల్లలు దగ్గర పెట్టుకో.